లెక్క రాసేవాడికి జీతం ఎవరివ్వాలి?

"ఎవడు డబ్బిస్తే వాడి పాట పాడతారు." స్వచ్ఛంద సంస్థల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మిత్రుల్లో ఎవరో ఒకరు ఈ మాట అని చర్చను ముగించేస్తుంటారు. ప్రతి నమ్మకానికీ ఆధారం అడిగేవాళ్ళు కూడా ఈ ఒక్క మాటకు ఆధారం అడగరు, అదే విచిత్రం. ఇది పరీక్షించలేని మాటేమీ కాదు. ఒక సంస్థను తీసుకుని, దానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఆ డబ్బుతో ఏం చేసింది, ఇబ్బందికరమైన నిజం చెప్పవలసి వచ్చినప్పుడు చెప్పిందా లేదా అని చూడవచ్చు. అండమాన్ నికోబార్ ద్వీపాలు ఆ పరీక్షకు మంచి చోటు.

అండమాన్ మనకు పరాయి చోటు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మందికి పైగా తెలుగు మాతృభాషగా వున్నవాళ్ళు. ఇప్పుడు శ్రీవిజయపురం అని పేరు మార్చిన పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ ప్రాంతానికి వెళితే శ్రీకాకుళం యాస వినబడుతుంది. అక్కడి సముద్రంలో చేపలుంటేనే, తీరం నిలబడితేనే ఆ కుటుంబాలకు కూడు. కనక అక్కడి ప్రకృతిని ఎవరు కనిపెట్టుకుని వున్నారు, వాళ్ళ ఖర్చు ఎవరు భరిస్తున్నారు అనేది మనకు కూడా సంబంధించిన ప్రశ్నే.

మొదట ఒక మనిషి గురించి చెప్పాలి. సతీష్ భాస్కర్. ఐఐటీ మద్రాసులో చదువు మధ్యలో వదిలేసి సముద్రపు తాబేళ్ళ వెంట పడ్డాడు. 1970ల చివరినుంచి అండమాన్ నికోబార్ తీరాలను దాదాపు ఒంటరిగా, కాలినడకన సర్వే చేశాడు. ఏ ద్వీపంలో ఏ తాబేలు గుడ్లు పెడుతుంది, ఎన్ని గూళ్ళున్నాయి, ఎన్ని తవ్వేశారు అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయాడు. లెదర్‌బ్యాక్ అనే అతి పెద్ద సముద్రపు తాబేలుకు గ్రేట్ నికోబార్ ద్వీపం ఎంత ముఖ్యమో మనకు తెలిసింది చాలావరకు ఆయన నడకవల్లే. దానికి డబ్బు ఎక్కువగా డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. ఇండియా ఇచ్చింది. ఈనాటి లెక్కల్లో చూస్తే అవి చాలా చిన్న మొత్తాలు. ఒక మనిషి తిండికీ, పడవ చార్జీలకూ సరిపడేవి. ఆయన 2023లో చనిపోయాడు.

చిన్న గ్రాంటుతో ఒక గొప్ప మనిషి ఏం చేయగలడో దీనివల్ల తెలుస్తుంది. దాని పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ మనిషి వెళ్ళిపోతే తీరం మీద నడిచేవాడు లేడు. గొప్ప వ్యక్తుల మీద ఆధారపడే పని ఏదైనా ఇంతే. మన ఉద్యమాల చరిత్ర తెలిసినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే రెండో అడుగు ముఖ్యమైంది. రోములస్ విటేకర్, జై విటేకర్లు 1976లో స్థాపించిన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్టు, 1990 ప్రాంతంలో దక్షిణ అండమాన్‌లోని వాండూర్ దగ్గర ఒక క్షేత్ర కేంద్రం పెట్టింది. పేరు అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీం, పొట్టిగా ఏనెట్. పక్కనే 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు. తరవాతి కాలంలో, 2008లో ఏర్పడిన బెంగుళూరు సంస్థ దక్షిణ్ ఫౌండేషన్ దీని నిర్వహణలో చేరింది. ఏనెట్ అంటే ఏమిటని అడిగితే పెద్ద పెద్ద ఆశయాలు చెప్పవచ్చు గానీ, నా దృష్టిలో అది ముందుగా ఒక చోటు. పరిశోధకుడు ఓడ దిగితే పడుకోవడానికి మంచం, అన్నం, పడవ, ఆ పడవ నడిపే మనిషి, పాత రికార్డులున్న అలమర. ఆ పడవ నడిపే మనుషుల్లో చాలామంది కరెన్ జాతివాళ్ళు. 1925లో బ్రిటిష్‌వాళ్ళు బర్మా నుంచి తెచ్చి మాయాబందర్ వైపు స్థిరపరచిన వాళ్ళ వారసులు. అడవీ సముద్రమూ వాళ్ళకు తెలిసినంతగా ఏ పట్టభద్రుడికీ తెలియదు. పిహెచ్‌డీ చేసేవాళ్ళు నాలుగేళ్ళుండి వెళ్ళిపోతారు. వీళ్ళు దశాబ్దాలు వున్నారు. నన్నడిగితే సంస్థ బలం అంటే ఇదే. ఏళ్ళ తరబడి నెలనెలా ఆగకుండా అందే జీతం.

ఇంత ఖర్చు ఎందుకు, ఏడాదికోసారి వెళ్ళి లెక్కపెట్టి వస్తే చాలదా అనేవాళ్ళుంటారు. చాలదు. ఎందుకో తాబేలే చెబుతుంది. లెదర్‌బ్యాక్ ఆడతాబేలు ఏటేటా గుడ్లు పెట్టదు. ఒక ఋతువులో కొన్నిసార్లు ఒడ్డెక్కి గూళ్ళు తవ్వి, మళ్ళీ రెండు మూడేళ్ళకు గానీ రాదు. కాబట్టి ఒక ఏడు యాభై గూళ్ళు, మరుసటి ఏడు ఇరవై గూళ్ళు కనిపిస్తే తాబేళ్ళు తగ్గినట్టు కాదు. తరవాతి ఏడు ఎనభై కనిపిస్తే పెరిగినట్టూ కాదు. (ఈ అంకెలు ఉదాహరణకు చెబుతున్నవే.) అసలు కదలిక తెలియాలంటే పది పదిహేనేళ్ళు అదే తీరం, అదే కాలం, అదే పద్ధతిలో రాత్రిళ్ళు నడవాలి. ప్రతి తాబేలు భుజంలో బియ్యపుగింజంత చిప్ పెట్టి, అది మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టాలి. మన దేశంలో మామూలు గ్రాంటు ఒక ఏడాదికి, లేదా మూడేళ్ళకు వుంటుంది. అంటే మూడేళ్ళ గ్రాంటులో ఒక తాబేలు మనకు ఒక్కసారి కనబడి, రెండోసారి వచ్చేలోగా డబ్బైపోతుంది. చిప్ తాబేలు దగ్గరుంటుంది, చిప్ చదివే మనిషి ఇంకో వుద్యోగంలో వుంటాడు.

2004 డిసెంబరు 26 తరవాత ఈ విషయం ఇంకా స్పష్టంగా తెలిసింది. సునామీకి నికోబార్ దీవుల్లో మనుషులు వేల సంఖ్యలో చనిపోయారు. భారతదేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ దగ్గర భూమి నాలుగు మీటర్లకు పైగా కుంగింది. గలాతియా తీరంలో తాబేళ్ళను పరిశీలించే శిబిరం కొట్టుకుపోయింది, అక్కడ పనిచేస్తున్న వాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. గుడ్లు పెట్టే ఇసుక తీరాలే చాలావరకు మాయమయ్యాయి. మరి నష్టం ఎంత? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఎంత వుండేదో తెలియాలి కదా! భాస్కర్ రాసిపెట్టిన లెక్కలూ, ఆ తరవాతివాళ్ళు రాసినవీ లేకపోతే, పోయినదానికి కొలతే వుండేది కాదు. 1980ల్లో ఆ చిన్న గ్రాంటు ఇచ్చినవాళ్ళకు సునామీ వస్తుందని తెలియదు. రాతలో వున్నది ఎప్పుడు అవసరమవుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.

సునామీ తరవాత పరిశీలన లిటిల్ అండమాన్ ద్వీపానికి మారింది. అక్కడి పశ్చిమ తీరంలో ఇసుక మళ్ళీ చేరింది, తాబేళ్ళూ వచ్చాయి. భారతీయ విజ్ఞాన సంస్థ, దక్షిణ్, ఏనెట్ కలిసి దాదాపు 2008 నుంచి అక్కడ శిబిరం నడుపుతున్నాయి. 2011-2014 మధ్య పది తాబేళ్ళకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చారు. కొన్ని ఆగ్నేయంగా ఆస్ట్రేలియా పశ్చిమ తీరం వైపు వెళ్ళాయి. ఒకటి హిందూ మహాసముద్రం మొత్తం దాటి ఆఫ్రికాలో మొజాంబిక్ దాకా పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ఈదింది. అంటే మన ఇసుకలో పుట్టిన ప్రాణి మూడు ఖండాల జాలర్ల వలలమధ్య బతుకుతోంది. ఈ పనికి దేశీయ నిధులతోపాటు అమెరికా ప్రభుత్వపు చేపలు, వన్యప్రాణుల శాఖ నడిపే సముద్ర తాబేళ్ళ నిధి నుంచి కూడా గ్రాంటు వచ్చింది. అదిగో విదేశీ డబ్బు, అంటాడు మన మిత్రుడు. అవును, విదేశీ డబ్బే. విదేశాల దాకా ఈదే తాబేలు మీద విదేశాలు ఖర్చు పెడితే అందులో వింతేముంది? అది తేల్చవలసిన ప్రశ్న కాదు. ఆ డబ్బు తీసుకుని రాసిన లెక్క తప్పా, ఒప్పా? పద్ధతి ప్రచురించారు, ఎవరైనా పరిశీలించవచ్చు. డబ్బు ఎవరిదని అడగడం సబబే. దాన్ని అడిగి, లెక్కను చూడటం మానెయ్యడమే మూఢత్వం.

అయితే నేను గ్రాంటుల భజన చెయ్యడానికి కూర్చోలేదు. గ్రాంటు సంస్థను బలపరచినట్టే బలహీనపరచనూ గలదు. ఇచ్చేవాళ్ళకు ఫోటో కావాలి. తాబేలు, పగడపు దిబ్బ, పిల్లల చేత మొక్క నాటించడం, ఇవైతే ఫోటోకు బాగుంటాయి. పడవ ఇంజను మరమ్మతు, లెక్కలు రాసే గుమాస్తా జీతం, కారుతున్న పైకప్పు ఫోటోకు పనికిరావు. కాబట్టి సంస్థలు ఏంచేస్తాయి? ఏ పేరు చెబితే డబ్బొస్తుందో ఆ పేరుతో దరఖాస్తు రాస్తాయి. ఒక ఏడు "వాతావరణ మార్పు", ఇంకో ఏడు "ప్లాస్టిక్", మరో ఏడు "జీవనోపాధి". తీరం అదే, మనుషులు అదే, దరఖాస్తులో మాటలు మారుతుంటాయి. ఇందులో తెలివైనవాళ్ళ సమయం ఎంత వృథా అవుతుందో ఎవరూ లెక్కకట్టరు.

మన చట్టాలు దీన్ని ఇంకా బిగించాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ చూడండి. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. వినడానికి బాగానే వుంది, ఆఫీసు దర్జాలకు ఎందుకు డబ్బు తగలెయ్యాలి అనిపిస్తుంది. పరిపాలనా ఖర్చులంటే ఏమిటో నిబంధనల్లో చదివితే అద్దె, కరెంటు, ఫోను, భవనం మరమ్మతు, వాహనాల నిర్వహణ, పద్దులు రాయడం, నివేదికలు రాయడం, న్యాయ సలహా, అన్నీ అందులోవే. పరిశోధనా సంస్థల్లో క్షేత్ర సమాచారం సేకరించేవాళ్ళ జీతాలకు మినహాయింపు వుంది, అది ఒప్పుకోవాలి. కానీ నగరంలో ఒక గదిలో నడిచే సంస్థకూ, సముద్రం మధ్య కేంద్రం నిలబెట్టుకోవలసిన సంస్థకూ ఒకే కొలతా? ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, ప్రతి మేకూ ఓడలో రావాలి. అక్కడ భవనం మరమ్మతు అంటే ఆడంబరం కాదు, పనిముట్టు.

అదే సవరణలో ఇంకో నిబంధన వుంది. విదేశీ విరాళం పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చెయ్యకూడదు. ఢిల్లీ, బెంగుళూరుల్లో వున్న పెద్ద సంస్థకు దరఖాస్తులు రాసే మనుషులూ, ఆడిటర్లూ వుంటారు. ద్వీపంలో పదిమందితో నడిచే సంఘానికి వుండరు. ఇంతకుముందు పెద్దది తెచ్చి చిన్నదానికి పంచేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. దుర్వినియోగం జరుగుతోందని ప్రభుత్వం చెప్పింది. జరిగిన చోట శిక్షించాలి, ఎవరు కాదన్నారు? దొంగ ఒకడున్నాడని వీధిలో అందరి తలుపులకూ తాళం వేసినట్టుంది ఇది.

సరే, విదేశీ డబ్బు వద్దు, మన కంపెనీలున్నాయి కదా అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. పర్యావరణం కూడా ఆ జాబితాలో వుంది. కానీ కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెబుతోంది. అండమాన్‌లో ఫ్యాక్టరీలెన్ని? పరిశ్రమ లేనందువల్లే అడవి మిగిలింది, పరిశ్రమ లేనందువల్లే దాన్ని కాపాడే డబ్బు రాదు. ఇక విదేశీ ప్రభుత్వాల మాట. 2025 జనవరిలో అమెరికాలో ప్రభుత్వం మారగానే విదేశీ సహాయాన్ని ఒక్క ఉత్తర్వుతో నిలిపేశారు. ప్రపంచమంతటా పరిరక్షణ పనులు మధ్యలో ఆగాయి. ఒకే దాత మీద ఆధారపడిన ఇల్లు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

ప్రభుత్వమే చెయ్యాలనే వాదన మిగిలింది. దానికి అండమాన్‌లోనే మంచి ఉదాహరణ వుంది. హవాబిల్ అని అక్కడివాళ్ళు పిలిచే చిన్న పిట్ట, గుహల్లో తన లాలాజలంతో గూడు కడుతుంది. ఆ గూటిని చైనావాళ్ళు సూప్ చేసుకుని తాగుతారు, ధర వెండితో పోటీ పడుతుంది. సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ ద్వీపాల్లో గుహగుహా తిరిగి ఈ పిట్టలు పదేళ్ళలో దాదాపు 80 శాతం తగ్గాయని తేల్చాడు. అక్కడితో ఆగకుండా, అటవీ శాఖతో కలిసి ఉత్తర అండమాన్ గుహలకు కాపలా పెట్టించాడు. కాపలాకు ఎవరిని పెట్టారనుకున్నారు? నిన్నటిదాకా గూళ్ళు దొంగిలించిన వాళ్ళనే. గుహ వాళ్ళకే తెలుసు కదా! కాపలా వున్న చోట పిట్టలు పెరిగాయి. శంకరన్ 2009 జనవరిలో హఠాత్తుగా చనిపోయినా పని ఆగలేదు, ఎందుకంటే అప్పటికి అది ఒక శాఖ పనిగా మారింది. ఇది గొప్ప విషయమే. కానీ ఆలోచించండి. ఆ కాపలాదారుకు మూడు నెలలు జీతం ఆగితే, అతని చేతికందే దూరంలో వెండి వెల చేసే గూడు వుంది. ఈ పథకం ప్రాణం మొత్తం ఒకటో తారీఖున ఆధారపడి వుంది.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. పాట ఎవరిది? 1998లో సమీర్ ఆచార్య నడిపిన సేన్ అనే పోర్ట్‌బ్లెయిర్ సంస్థ, కల్పవృక్ష్, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలతో కలిసి ద్వీపాల్లో కలప నరికివేత మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కోర్టు శేఖర్ సింగ్‌ను కమిషనర్‌గా వేసి, ఆయన నివేదిక మీద 2002 మే 7న నరికివేతకు అడ్డుకట్ట వేసింది. జారవాల అడవి గుండా పోయే రోడ్డును మూసెయ్యమంది. (ఆ రోడ్డు మీద బళ్ళు ఇప్పటికీ తిరుగుతున్నాయి, అది వేరే కథ.) ఇందులో ప్రభుత్వాన్ని మెప్పించే పాటేమీ లేదు. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడా గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఏనెట్‌లో ఏళ్ళపాటు పనిచేసిన మనీష్ చాండీ వంటివాళ్ళున్నారు. ఆ దీవుల్లో ఏముందో చూసినవాళ్ళు కాబట్టి మాట్లాడగలిగారు. చూడటానికి వాళ్ళను అక్కడ అన్నేళ్ళు వుంచింది ఆ చిన్నా చితకా గ్రాంటులే.

గ్రేట్ నికోబార్ సంగతి తెలిసినదే అయినా క్లుప్తంగా చెబుతాను. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, నగరం. మొదటి అంచనా 72 వేల కోట్లు. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. 9.64 లక్షల చెట్లని ప్రభుత్వమే ఒక దశలో చెప్పింది. రేవు కట్టేది సరిగ్గా గలాతియా దగ్గర. 1997లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ తీరానికి 2021 జనవరిలో ఆ హోదా తీసేశారు. విశేషమేమిటంటే సముద్ర తాబేళ్ళ జాతీయ కార్యాచరణ ప్రణాళికను పర్యావరణ మంత్రిత్వ శాఖ విడుదల చేసింది కూడా ఆ నెలలోనే. అందులో గలాతియా ముఖ్యమైన తాబేళ్ళ తీరమని రాసి వుంది. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రభావ అంచనా నివేదిక తయారుచేసింది మన హైదరాబాదు సంస్థ విమ్టా ల్యాబ్స్. దాని నిజాయితీ మీద నేనేమీ అనడం లేదు. పద్ధతి గురించి అంటున్నాను. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఏ ప్రాజెక్టుకైనా ఈ నివేదిక రాయించేదీ, డబ్బిచ్చేదీ ఆ ప్రాజెక్టు పెట్టేవాళ్ళే. తాబేళ్ళ పరిశోధన, రక్షణ పథకాల ఖర్చు కూడా ప్రాజెక్టు సంస్థే భరించాలని అనుమతిలో షరతు పెట్టారు, పని ప్రభుత్వ పరిశోధనా సంస్థలకు అప్పగించారు. ఎవడు డబ్బిస్తే వాడి పాట అనే మిత్రులు ఈ చోట మాత్రం మౌనంగా వుండటం నాకు ఆశ్చర్యం. వాళ్ళ సిద్ధాంతం ఎక్కడైనా వర్తిస్తుందంటే ముందు ఇక్కడే వర్తించాలి.

ఆ శాస్త్రవేత్తలు అబద్ధం రాస్తారని కాదు నా వాదన. రేవు వచ్చాక గలాతియాలో గూళ్ళు తగ్గాయనుకుందాం. రేవు వల్లా, లేక మహాసముద్రంలో ఆ ఏడు అంతటా తగ్గాయా? ఈ తేడా చెప్పాలంటే రేవు లేని తీరంలో, ప్రాజెక్టు డబ్బుతో సంబంధం లేనివాళ్ళు, అన్నేళ్ళూ అదే పద్ధతిలో రాసిన లెక్క పక్కన పెట్టి చూడాలి. ఆ లెక్క లిటిల్ అండమాన్‌లో వుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిపూట, టార్చి చేతబట్టుకుని ఇసుక మీద నడిచేవాళ్ళు రాస్తున్న పుస్తకంలో వుంది. 2021 ప్రాంతంలో నీతి ఆయోగ్ లిటిల్ అండమాన్ కోసం కూడా ఒక నగర పథకం తయారుచేసింది.

మనలో అమెరికాలోనూ, హైదరాబాదులోనూ బాగా సంపాదిస్తున్న మిత్రులు చాలామందే వున్నారు. ఇలాంటి సంస్థకు ఇచ్చేటప్పుడు "ఏ తాబేలుకు వాడారు" అని అడగకండి. మూడేళ్ళ ఆడిటు పద్దులు అడగండి, ప్రచురించిన లెక్కలు అడగండి, మొత్తం ఆదాయంలో ఒకే దాత వాటా ఎంతో అడగండి. ఆ జవాబులు సరిపోతే, ఇచ్చే డబ్బు ఏ పద్దు కిందా కట్టెయ్యకుండా ఇవ్వండి, ఒక్క ఏడు కాక అయిదేళ్ళు ఇవ్వండి. విదేశంలో వున్నా భారత పాస్‌పోర్టు వున్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు ఖాతా ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందకు రాదు. పౌరసత్వం మారినవాళ్ళు ఇచ్చేది మాత్రం వస్తుంది, ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ వుందో లేదో ముందే కనుక్కోండి. ఆ డబ్బు పడవ ఇంజనుకు పోయిందని తెలిస్తే నిరాశ పడకండి. వాండూర్ నుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా ఆ ఇంజను తిరగాలి.